లైన్ క్లియర్ అన్న మాట ఎక్కడిదో ఒకసారి రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఇంజన్ మీద నలభై ఏళ్లు పనిచేసి దిగిన మనిషిని. 1976లో బిట్రగుంట లోకోషెడ్‌లో కలాసీగా చేరాను, 2016లో మెయిల్ డ్రైవర్‌గా రిటైరయ్యాను. మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను, అందుకే ఈ ఉత్తరం. ఈమధ్య ఒక్క వారంలోనే ‘లైన్ క్లియర్’ అన్న మాట నాలుగు హెడ్డింగుల్లో చూశాను. ఒకటి ఎవరికో పదవి రావడం గురించి, ఒకటి టీచర్ల బదిలీల గురించి, ఒకటి సినిమా విడుదల గురించి, ఇంకొకటి ఫ్లైఓవర్ పనుల గురించి. ‘పట్టాలెక్కిన ప్రాజెక్టు’, ‘పచ్చజెండా ఊపిన కేబినెట్’, ‘లూప్‌లైన్‌లో సీనియర్ అధికారి’ లాంటివైతే రోజూ ఉండేవే. వీటి మీద నాకు కోపం ఏమీ లేదు, సంతోషమే. సిగ్నల్ క్యాబిన్లలో, డ్యూటీ దిగినవాళ్లు పడుకునే రన్నింగ్ రూముల్లో పుట్టిన మాటలు ఇవాళ తెలుగువాళ్లందరి నోళ్లలో ఉన్నాయంటే మాకు గర్వంగానే ఉంటుంది.

నా బాధ ఇంకొకటి. అదే పేపర్లో నిజంగా రైలు వార్త వచ్చేసరికి మా మాట ఒక్కటి కూడా కనపడదు. ‘డ్రైవర్ సడన్ బ్రేక్ వేయడంతో తప్పిన పెనుప్రమాదం’ అని ఉంటుంది. రైలుకి సడన్ బ్రేక్ ఉండదండీ. వంద పైన స్పీడులో ఉన్న బండికి ఎమర్జెన్సీ బ్రేక్ వేసినా ఆగడానికి దగ్గర దగ్గర కిలోమీటరు పడుతుంది. ఆ కిలోమీటరంతా ఇంజన్లో ఉన్న ఇద్దరూ చెయ్యగలిగింది కూత వేస్తూ ముందుకి చూస్తూ ఉండటమే.

లైన్ క్లియర్ అంటే ఏమిటో చెప్తాను. రెండు స్టేషన్ల మధ్య ఉన్న దారిని బ్లాక్ సెక్షన్ అంటాం. ఆ ముక్కలో ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట పద్ధతి వేరు, దాన్ని వదిలేద్దాం. ఈ స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌కి గంట కొట్టి, నీ దాకా దారి ఖాళీయేనా, నా బండిని పంపనా అని అడగాలి. అవతలి మనిషి అంతకు ముందొచ్చిన బండి పూర్తిగా, చివరి పెట్టెతో సహా, లోపలికి వచ్చేసిందని రూఢి చేసుకున్నాకే సరే అంటాడు. బండి చివర ఎక్స్ గుర్తు, ఎల్‌వి (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) బోర్డు, రాత్రిపూట ఎర్రదీపం ఉండేది అందుకే. చివరి పెట్టె కనపడలేదంటే బండి మధ్యలో తెగి సగం వెనకే ఉండిపోయిందని అర్థం. ఇదంతా చూసుకుని ఆయన ఇచ్చే మాట లైన్ క్లియర్. ఆ మాట ఇచ్చినవాడు దాని వెనక వచ్చే వెయ్యి మంది ప్రాణాలకి పూచీ పడ్డట్టు.

సింగిల్ లైన్లో ఆ మాట చేత్తో పట్టుకునే వస్తువుగా ఉండేది. నీల్స్ టోకెన్ మిషన్ అని ఎర్ర రంగు పెట్టె ఒకటి ఈ స్టేషన్లో, దాని జోడు పక్క స్టేషన్లో. లోపల ఇనప బంతులు. రెండు మిషన్లకీ కరెంటు తీగతో లంకె. ఒక బంతి బయటికొచ్చిందంటే అది ఈ మిషన్లోనో ఆ మిషన్లోనో మళ్లీ పడేదాకా ఇంకో బంతి రాదు, ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి లాగినా రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తం రింగుకి తగిలించి, పోర్టర్ ప్లాట్‌ఫాం చివర చెయ్యి చాచి నిలబడేవాడు. ఆగని బండిలో, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ మెట్టు మీదికి వంగి, వెనక సెక్షన్ రింగుని కింద పడేసి, ముందు సెక్షన్ రింగులోకి చెయ్యి దూర్చి అందుకోవాలి. బండి ఎంత నెమ్మదించినా ఆ రింగు వచ్చి చేతికి తగిలే దెబ్బ మామూలుగా ఉండదు. ఆ రోజుల్లో ఫైర్‌మన్ ఎవరో చొక్కా చెయ్యి మడిస్తే తెలిసిపోయేది, మోచేతి పైన నల్లగా కమిలిన మచ్చ.

నేను సెకండ్ ఫైర్‌మన్ అయిన కొత్తలో ఒక వానరాత్రి ఆ రింగు వదిలేశాను. పోర్టర్ చేతిలో దివిటీ వెలుగుతోంది, ఆయన తప్పేమీ లేదు, నా చెయ్యే ఒక జానెడు వెనకబడింది. రింగు వేళ్లకి కొట్టుకుని చీకట్లోకి దొర్లిపోయింది. ‘పోయింది’ అని అరిచాను. డ్రైవర్ గారు ఏమీ అనకుండా బ్రేక్ వేశారు. బండి ఆగేసరికి స్టేషన్ దాటి చాలా దూరం వచ్చేశాం. వెనక్కి నడిచాను. ఎదురుగా పోర్టర్ కూడా దివిటీతో వెతుక్కుంటూ వస్తున్నాడు. పాసింజర్లు కిటికీల్లోంచి ఏమైందబ్బాయ్ అని అడుగుతున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి పక్క గుంటలో, మోకాటి లోతు నీళ్లలో, కాలికి తగిలింది రింగు. తెచ్చి ఇచ్చాక డ్రైవర్ గారు నన్ను తిట్టలేదు. సంచి విప్పి, బంతి తీసి, బురద తుడిచి, దాని మీద చెక్కి ఉన్న స్టేషన్ల పేర్లు దీపం వెలుగులో పైకి చదివారు. నా చేత కూడా చదివించారు. ‘ఒరేయ్ అబ్బాయ్, ఇది చేతిలో లేకుండా ఎవడు చెప్పినా ఒక్క చక్రం తిరగనివ్వకు. నీకు తర్వాత ఎంత లేటైనా సరే’ అన్నారు. అంతే. రెగ్యులేటర్ తీశారు, బండి కదిలింది.

ఆ రాత్రి తర్వాత నేను ఇంకెప్పుడూ టోకెన్ వదల్లేదు. మీ హెడ్డింగుల్లో లైన్ క్లియర్ అని చదివినప్పుడల్లా నాకు ఆ రాత్రి చేతికి తగిలిన చల్లటి ఇనప బంతి గుర్తొస్తుంది. మీరు ఆ మాట వాడొద్దని కాదు నేననేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారైనా మీ పాఠకులకి చెప్పమంటున్నాను.

ఇంకో మాట చూడండి. ‘సిగ్నల్ పడింది’ అంటాం మనందరం. చౌరస్తాలో కారాపినవాళ్లు కూడా రెడ్ సిగ్నల్ పడిందంటారు. దీపం వెలుగుతుంది గానీ పడదు కదా. పడేది పాత రెక్క సిగ్నల్. స్తంభం పైన ఎర్ర రెక్క అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే రమ్మని. దూరం నుంచి వాలిన రెక్క చూసి ప్లాట్‌ఫాం మీది జనం ‘సిగ్నల్ పడింది, బండొస్తోంది’ అని మూటలు ఎత్తుకునేవాళ్లు. రెక్కలు మెయిన్ లైన్లలో దాదాపు పోయాయి, మాట మాత్రం మిగిలింది. మా నాయనమ్మ ఆ స్తంభాన్ని కైకాటీ అనేది. అది అరవం నుంచి వచ్చిన మాట, చెయ్యి చూపించేదని అర్థం. స్టేషన్ గంట కూడా అంతే. ఒక పట్టా ముక్కని వేలాడదీసి దాన్ని కొట్టేవాళ్లు. గంట కొట్టారంటే వెనక స్టేషన్లో బండి బయల్దేరిందని చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్లకి కూడా తెలిసేది.

మా భాష ఒక్క చోట పుట్టింది కాదు. కాజీపేట, డోర్నకల్ వైపు లైను నిజాం రైల్వేది. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్ దాకా 1874లోనే రైలు నడిచింది. అక్కడ పనంతా ఉర్దూలో సాగేది. ఫైర్‌మన్‌ని ఆగ్‌వాలా అనేవాళ్లు, పని నేర్పిన పెద్దడ్రైవర్ ఉస్తాద్. బిట్రగుంట, గూడూరు వైపు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీది, మాకు అరవం మాటలు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల ఇంగ్లీషు మాటలు ఎక్కువ. మా దగ్గర నేర్పినాయన గురువుగారు. 1951లో ఈ రెండు రైల్వేలూ వేరే పెద్ద రైల్వేల్లో కలిశాయి, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక అందరం ఒకే గూటికి చేరాం. బెజవాడ రన్నింగ్ రూములో కాజీపేట వాళ్లూ మేమూ పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లం. ఒకే వస్తువుకి వాళ్లకో పేరు, మాకో పేరు. బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే పాయింట్ల దగ్గర ఎవడు ఏమని అరిస్తే ఏం చెయ్యాలో తెలియకపోతే ప్రమాదం కాబట్టి ఒకరి మాటలు ఒకళ్లం నేర్చుకున్నాం. ఏ యూనివర్సిటీ చెయ్యని భాషా పని ఆ మంచాల మీద జరిగిందని నా నమ్మకం.

ఆవిరి ఇంజన్ మాటలు అసలు పూర్తిగా పోతున్నాయి. ఇవాళ ఆవిరి మీద పనిచేసిన ఫైర్‌మన్లలో ఎక్కువమందికి అరవై దాటాయి. మా రోజుల్లో గూడ్స్‌కి డబ్ల్యూజీ రకం ఇంజన్, మెయిల్‌కి ముక్కు గుండ్రంగా ఉండే డబ్ల్యూపీ. రెంటికీ బాయిలర్‌లో చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి. గేజి మీద ఆ అంకె దగ్గర ఎర్రగీత ఉంటుంది. సూది గీత దగ్గర నిలబెట్టడమే ఫైర్‌మన్ బతుకు. కొత్తగా వచ్చినవాడు పార నిండా బొగ్గు ఎత్తి మధ్యలో కుప్ప పోస్తాడు, పైన నల్లటి పొగ, కింద సూది పడిపోతుంది. గురువుగారు ‘అన్నం వడ్డించినట్టు వెయ్యరా, పల్చగా, మూలలకి అందేట్టు’ అనేవారు. పొయ్యి తలుపు తీసి ఉంచినంతసేపూ చల్లగాలి లోపలికి పోయి ట్యూబులు చెడతాయి కాబట్టి వెయ్యడం, ముయ్యడం ఒక తాళంలో జరగాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, అది కరిగి పొయ్యి అడుగు జాలీల మీద చిట్టెం కడుతుంది. చిట్టెం కట్టిందంటే గాలి ఆడదు, గాలి ఆడకపోతే మంట ఎర్రబడుతుంది. ‘మంట తెల్లగా ఉందా?’ అని అడిగేవారు, కళ్లకి అడ్డంగా చెయ్యెత్తి వేళ్ల సందుల్లోంచి చూసి చెప్పేవాళ్లం. ఎక్కుడులో ఆవిరి చాలక బండి ఆగిపోతే ‘స్టీమ్‌కి నిలబడ్డాం’ అనాలి. ఆ మాట రిపోర్టులో రాయించుకోవడం కంటే అవమానం ఇంకోటి లేదు.

ఒకటి ఉంది. గ్లాసులో నీళ్లు కనపడకపోవడం. బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే గాజుగొట్టాన్ని మేం ఒట్టి గ్లాసు అనేవాళ్లం. ఫైర్‌బాక్స్, అంటే మంట ఉండే అర, దాని పైరేకు మీద నీళ్లు తగ్గితే అక్కడున్న సీసపు బిళ్ల కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది. అది ప్రాణాలు కాపాడటానికి పెట్టిందే, అయినా ‘లెడ్ ప్లగ్ పోగొట్టాడు’ అని ఒక డ్రైవర్ గురించి అన్నారంటే ఆయన్ని పదేళ్ల తర్వాత కూడా అదే మాటతో గుర్తుపట్టేవాళ్లు. మా పెద్దడ్రైవర్లు ఇంటి దగ్గర కూడా ‘గ్లాసు చూసుకో’ అనేవారు, జీతం డబ్బుల గురించి, అప్పుల గురించి. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మా ఇళ్లల్లో మాటలే వేరు అసలు. రైల్వే కుటుంబాల్లో 1974 మే నెలకి ముందు, తర్వాత అని కాలం లెక్కపెట్టేవాళ్లు. ఆ నెల 8 నుంచి 27 దాకా దేశమంతా రైళ్ల సమ్మె. నేను చేరేసరికి అయిపోయింది కానీ ఆ సమ్మెలో ఉద్యోగం పోయి, 1977లో ప్రభుత్వం మారాక తిరిగి వచ్చినవాళ్ల దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ‘ఈ పిల్ల సమ్మెలో పుట్టింది’ అంటే వయసు చెప్పినట్టే. ‘కాల్ వచ్చింది’ అంటే ఫోన్ రావడం కాదు, డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టడం. రాత్రి రెండింటికి వీధి చివర సైకిల్ చప్పుడు వినపడగానే మా ఆవిడ లేచి పొయ్యి వెలిగించేది, అతను ఇంటికి చేరకముందే. అతను కాల్‌బుక్ చాపితే నేను టైము వేసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ పుస్తకం మీద కిరోసిన్ లాంతరు మసి వాసన ఉండేది. ‘నాన్న రెస్ట్‌లో ఉన్నారు’ అంటే పిల్లలు గట్టిగా మాట్లాడకూడదని. ‘స్పేర్‌లో వెళ్లారు’ అంటే ఇంజన్ మీద కాకుండా డ్యూటీ లెక్కలోనే పాసింజర్‌లా కూచుని ఇంకో ఊరికి బండి అందుకోవడానికి పోయారని. ‘లింక్ మారింది’ అంటే డ్యూటీల వరస మారిందని, ఇంట్లో పండగ రోజులు కూడా మారినట్టే. లైన్‌బాక్స్ అని ఇనప పెట్టె ఒకటి ఉండేది, తెల్లటి అక్షరాలతో మీద పేరు. అందులో ఎర్రజెండా, పచ్చజెండా, మూడు రంగుల దీపం, డిటోనేటర్లు, రూల్స్ పుస్తకం, వర్కింగ్ టైమ్ టేబుల్. కళ్లద్దాలున్నవాళ్లకి రెండో జత అద్దాలు తప్పనిసరి. ఒక జత పగిలితే వెనక ఉన్న వెయ్యి మందికీ కళ్లు పోయినట్టే కాబట్టి. ఇప్పుడు ఆ పెట్టె బదులు ట్రాలీ బ్యాగులొస్తున్నాయి, మంచిదే, మోత తగ్గింది.

డిటోనేటర్ గురించి మాత్రం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా మాటల్లో నేను ఎక్కువ రుణపడిన మాట అది. అరచేతిలో పట్టే గుండ్రటి రేకు డబ్బీ, రెండు పక్కలా మెత్తటి రేకు చెవులు. పట్టా మీద పెట్టి చెవులు కిందికి మడిస్తే అక్కడే కూచుంటుంది, చక్రం ఎక్కితే పేలుతుంది. మేం టపాకాయ్ అనేవాళ్లం. ఎనభైల చివర్లో నేను డీజిల్ అసిస్టెంట్‌ని. ఒక లోడు గూడ్స్, డబుల్ లైను, అర్ధరాత్రి, ఎడతెగని వాన. ఏదో ఈడ్చినట్టయి బ్రేకు గాలి పడిపోయి బండి ఆగింది. దిగి దీపం వేసి చూస్తే వెనక ఒక వ్యాగన్ పట్టా తప్పి పక్క లైను వైపు ఒరిగి ఉంది. పక్క లైన్లో ఎదురుగా మెయిల్ వచ్చే వేళ. డ్రైవర్ గారు ఫ్లాషర్ అనే హెచ్చరిక దీపం వేసి నాలుగు పొట్టికూతలు వేశారు. నాలుగు పొట్టికూతలంటే మా బండి కదలదు, రక్షణ చూసుకోండి అని వెనక ఉన్న గార్డుకి చెప్పడం. నాతో ఒక్క మాటే అన్నారు, ‘ప్రొటెక్షన్’ అని.

రూలు ఇది: అడ్డం ఉన్న చోటు నుంచి 600 మీటర్ల దగ్గర ఒక టపాకాయ్, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు. క్లాసులో నోటికి వచ్చేదాకా చెప్పిస్తారు. చెప్పడం వేరు, ఒక చేతిలో ఎర్రదీపం, ఒక చేతిలో టపాకాయలు పట్టుకుని కంకర మీద, స్లీపర్ల మీద వానలో పరిగెత్తడం వేరు. స్తంభాలు లెక్కపెడుతూ పరిగెత్తాను. మొదటిది కట్టేటప్పుడు వేళ్లు వణికి చెవి మడత పడలేదు, పళ్లతో వంచాను. మిగతా మూడూ కట్టి లేచేసరికి దూరంగా వంపులో హెడ్‌లైట్. దీపం ఊపుతూ నిలబడ్డాను. ఇంజను మీదికొస్తుంటే పక్కకి దూకాను. మూడు పేలుళ్లు, వెంటవెంటనే. తర్వాత చక్రాలు పట్టా మీద కీచుమని అరుస్తూ నన్ను దాటిపోయాయి, ఒక పెట్టె, ఇంకో పెట్టె, కిటికీల్లో నిద్రపోతున్న జనం. నాలుగోది కూడా పేలడం విన్నాను. తర్వాత వెళ్లి లెక్కపెట్టాను, ఆ మెయిల్ ఇంజనుకీ ఒరిగిన వ్యాగన్‌కీ మధ్య మిగిలింది ఐదు స్తంభాలు. మర్నాడు పేపర్లో ఏమీ రాలేదు, వచ్చేది కాదు కూడా, ఏమీ జరగలేదు కదా. ఆ బండిలో వాళ్లు పొద్దున దిగి లేటైందని గొణుక్కుంటూ ఇళ్లకి పోయుంటారు. దాని గురించి నాకు ఇప్పటికీ సంతోషమే.

అందుకే మాకు ‘ప్రొటెక్షన్’ అంటే పోలీసులు కాదు. ‘కాషన్’ అంటే హెచ్చరిక కాదు, ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా ఫలానా స్పీడు మించకూడదని చేతికిచ్చే కాగితం. ‘బ్లాక్ తీసుకున్నారు’ అంటే పట్టా పని కోసం కొన్ని గంటలు బండ్లు ఆపించడం. క్యాబిన్లో బ్లాక్ గంట ఆరుసార్లు మోగిందంటే దారిలో ఏదో ప్రమాదకరమైన అడ్డం ఉందని, అది విన్న మాస్టరు చేతిలో టీ గ్లాసు అక్కడే వదిలేస్తాడు. ఇప్పటి పిల్లల్ని డీజే అంటే ఏమిటని అడిగితే పెళ్లి ఊరేగింపు అంటారు. కరెంటు ఇంజన్లో డీజే అంటే ప్రధాన సర్క్యూట్ బ్రేకర్. మన 25 కిలోవోల్టుల కరెంటు పద్ధతి ఫ్రాన్స్ రైల్వేల సలహాతో మొదలైంది, అందుకని ఫ్రెంచి మాటల పొడి అక్షరాలు మా నోళ్లలో పడ్డాయి. తీగలో కరెంటు లేని చిన్న ముక్క వస్తుంది, న్యూట్రల్ సెక్షన్ అంటారు. దానికి 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 దగ్గర ఒకటి, తర్వాత డీజే తెరవమని. అప్పుడు ఇంజన్లో మోతలు ఆగి ఒక్క చక్రాల చప్పుడే వినపడుతుంది, కొన్ని క్షణాలే. ఇంకో వైపు బోర్డు చూసి డీజే మూస్తే మళ్లీ బ్లోయర్ల హోరు. పదో తరగతి చదివిన తెలుగు కుర్రాళ్లు ఫ్రెంచి పేరున్న స్విచ్చులు తెలుగు వాక్యాల్లో పెట్టుకుని బండ్లు నడిపారండీ. ‘డీజే పడింది, క్యూఎల్‌ఎం (డీజేని పడగొట్టే ఒక రిలే) చూడు’ అనే వాక్యం తెలుగు కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పట్టా మీద నడిచేవాళ్ల మాటలు నాకు తక్కువ తెలుసు, వాళ్లే రాయాలి. కీమన్ అనే మనిషి భుజాన సుత్తి, స్పానర్, జెండాలు వేసుకుని రోజూ తన బీటంతా నడుస్తాడు. ఎండాకాలం పట్టా ‘లేస్తుంది’, చలికాలం ‘తెగుతుంది’ అంటారు వాళ్లు. ఆ రెండు క్రియల్లో ఇంజనీరింగ్ పుస్తకం సగం ఉంది. గ్యాంగ్ వాళ్లు గడ్డపారలతో పట్టా జరిపేటప్పుడు పాడే పాటలు మిషన్లు వచ్చాక ఆగిపోయాయి. వాటిని ఎవరైనా రికార్డు చేశారో లేదో అని నాకు బెంగ.

ఒక కష్టమైన మాట కూడా రాయాలి. మనిషి బండి కింద పడితే మేం ‘రన్ ఓవర్’ అంటాం, అంతకు మించి ఇంకేమీ అనం. వినేవాళ్లకి అది కఠినంగా ఉంటుంది. మెమో రాసి గార్డుకి, మాస్టరుకి చెప్పి, మళ్లీ అదే ఇంజన్లో అదే సీట్లో కూచుని బండిని గమ్యం దాకా తీసుకుపోవాలి. తడి ఉన్న మాట వాడితే చెయ్యి ఆడదు. ఇలాంటి వార్త రాసేటప్పుడు ఆ ఇంజన్లో కూడా ఇద్దరు మనుషులున్నారని ఒక్క వాక్యం రాయమని మీ విలేకరుల్ని అడుగుతున్నాను.

అలాగే ప్రమాదం జరిగిన గంటకే ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని రాయకండి. పెద్ద ప్రమాదాలని విచారించేది రైల్వే సేఫ్టీ కమిషనర్. ఆ కార్యాలయం రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది, విచారణ స్వతంత్రంగా ఉండాలనే అలా పెట్టారు. ఆ నివేదిక వచ్చేదాకా ఆగమనడం అత్యాశ కాదు కదా. తప్పు డ్రైవర్‌దే కావచ్చు, కాదనను. సిగ్నల్ దాటేసినవాళ్లు మాలోనూ ఉన్నారు, ఎర్రసిగ్నల్ దాటితే దాన్ని స్పాడ్ అంటారు, మా ఇళ్లల్లో ఆ మాట పైకి అనడానికి కూడా భయపడతాం. ఇప్పుడు కవచ్ వస్తోంది, డ్రైవర్ చూడకపోయినా దానంతటదే బ్రేక్ పడుతుంది. మొదటి పరీక్షలు మన వికారాబాద్ వైపు లైన్లోనే చేశారు. అది ఉండి ఉంటే మా తరంలో కొందరు బతికి ఉండేవాళ్లు.

పేర్లు మారడం గురించి నాకు గొడవ లేదు. డ్రైవర్ లోకో పైలట్ అయ్యాడు, గ్యాంగ్‌మన్ ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు, 2022 జనవరి నుంచి గార్డు ట్రైన్ మేనేజర్ అయ్యాడు. గౌరవంగా ఉండే పేరు కావాలని వాళ్లే అడిగారు, వచ్చింది. ఇప్పుడు ఇంజన్ మీద ఆడపిల్లలు కూడా పనిచేస్తున్నారు కాబట్టి చివర ‘మన్’ ఉన్న పేర్లు ఎటూ మారాల్సిందే. పేరు మారిన రోజే పాత పేరుతో పాటు దాని వెనకున్న పనితనం కూడా చెత్తబుట్టలో పడిపోతుంటేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో రైతుల నోటి నుంచి సేకరించిన వ్యవసాయ వృత్తి పదాలు 1962లోనే పుస్తకంగా వచ్చాయి, తర్వాత చేనేత పదాలు వచ్చాయి. నాగలికీ మగ్గానికీ ఉన్న ప్రతి ముక్క పేరూ దొరుకుతుంది. రైలు మన నేల మీద తిరగబట్టి నూట యాభై ఏళ్లయింది, లక్షల కుటుంబాలు దాని మీద బతికాయి, వాళ్ల మాటలకి కూడా అలాంటి చోటు కావాలి. యూనివర్సిటీల వాళ్లు చేస్తే మంచిది, వాళ్లు వచ్చేదాకా మీరు ఆదివారం పేజీలో చారెడు చోటు ఇవ్వండి. బిట్రగుంట, కాజీపేట, డోర్నకల్, గుత్తి, గుంతకల్లు, రాజమండ్రి, వాల్తేరు, ఏ ఊరి రైల్వే కాలనీలో వెతికినా అరుగు మీద కూచున్న ముసలి ఫైర్‌మన్ ఒకాయన దొరుకుతాడు. మీ విలేకరి ఫోన్లో రికార్డు పెట్టుకుని పక్కన కూచుంటే చాలు. ఆయన భార్యని కూడా అడగమనండి, కాల్‌బుక్కుల సంగతులు ఆవిడకే ఎక్కువ తెలుసు.

నా దగ్గర ఒక రూళ్ల పుస్తకంలో రెండు వందల చిల్లర మాటలు రాసుకున్నాను, ఎవరి దగ్గర విన్నానో, ఎప్పుడు వాడేవాళ్లమో పక్కన వేశాను. మీరు సరేనంటే జిరాక్స్ తీయించి పంపిస్తాను. కొన్ని ఖాళీలున్నాయి. టోకెన్ ఇచ్చే పోర్టర్ రాత్రిపూట పట్టుకునే ఆ మంటని మేం దివిటీ అనేవాళ్లం, కాజీపేట వాళ్లు మషాల్ అనేవాళ్లు. వాల్తేరు అవతల, పలాస వైపు, దాన్ని ఏమనేవాళ్లో నాకు చెప్పినవాళ్లు లేరు. మీ పాఠకుల్లో ఆ వైపు పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇదే శీర్షికకి రాయమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయిల్ డ్రైవర్,
బిట్రగుంట